నరానికీ కండకీ నడుమ

సాంబమూర్తి పురుగుల మందు తాగాడన్న మాటను నమ్మడానికి ఎవరికీ పెద్ద కష్టం కాలేదు. మిర్చి వేసే ఊళ్ళలో మనిషి నోట నురగతో పడి ఉంటే తాగాడనే అంటారు. చేలో మందు కొడుతూ కొడుతూ పడిపోయాడని అనడానికి ఎవరికీ నోరు రాదు. ఆ మాట మొదట అన్నవాడు వెంకటనారాయణ. ములకలపల్లి అవతల అడవి అంచున మిర్చి తోట ఆయనదే, కారు ఆయనదే, సాంబమూర్తిని వెనక సీట్లో పడేసుకొని పెద్ద దవాఖానాకు తెచ్చిందీ ఆయనే. తెచ్చినవాడు చెప్పిన మాటకు ఎదురేముంటుంది!

గురవమ్మకు కబురందేసరికి బొగ్గు కంపెనీ క్వార్టర్ల మధ్య ఊడుస్తోంది. చీపురు అక్కడే గోడకి చేరేసి, పక్కనున్నామెకు ఓ మాట చెప్పి, ఆటో ఎక్కి వచ్చి పడింది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికి వెంకటనారాయణ డాక్టరమ్మతో మాట్లాడుతున్నాడు.

"పొద్దున ఇంట్లో ఏదో మాటా మాటా అనుకున్నారంట డాక్టరుగారూ. మందు కలిపే డ్రమ్ము పక్కనే పడున్నాడు. తాగేశాడు, ఇంకేముంది!"

డాక్టర్ సుజన చిన్న వయసు మనిషి. సాంబమూర్తి కనురెప్ప లేపి టార్చి వేసి చూస్తూనే తల తిప్పింది.

"నువ్వు భార్యవా? తాగిండా?"

గురవమ్మ అటు చూసింది. బల్ల మీద మొగుడు నిలువునా తడిసి ఉన్నాడు. నోటి నిండా చొంగ. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. ఛాతీ మీద, తొడల మీద కండలు చర్మం కింద పురుగులు పాకినట్టు కదులుతున్నాయి. ఇవన్నీ చూస్తోందేగానీ ఆమె చెవుల్లో మోగుతున్నది పొద్దున తను అన్న మాట.

నిన్నటి నుంచీ తల దిమ్ముగా ఉందని, కళ్ళు మండుతున్నాయని, ఈ పూట తోటకు పోనని అతను అరుగు మీద కూలబడ్డాడు. ఆమెకు పనికి ఆలస్యమవుతోంది. "పోకపోతే ఇంట్ల కూసోని ఏం జేస్తవ్? ఆ మందే ఇంత తాగి సావరాదూ!" అనేసింది. ఈ సీమలో ఆ తిట్టు ఇంటింటా వినబడేదే. అన్నవాళ్ళు మరిచిపోతారు, పడ్డవాళ్ళు నవ్వేస్తారు. కానీ సాంబమూర్తి నవ్వలేదు. జుట్టు ముడేసి, తువాలు తలకు చుట్టుకొని, మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా!

"నాకెరుక లేదమ్మా. నేను పని మీద పోయిన," అని గురవమ్మ భోరుమంది. ఆ ఏడుపునే అందరూ అవునన్నట్టు తీసుకున్నారు.

ఇక అక్కడ క్షణం తీరిక లేదు. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగారు. సూది మీద సూది పొడిచారు. నర్సు రోజారాణి చొక్కా కత్తిరించి పారేసి, ఒళ్ళు తడిగుడ్డతో తుడిచి, తల దగ్గరికి వచ్చి ముక్కు చిట్లించింది. పిడికెడు లావు ముడి, నడుం దాకా వచ్చే జుట్టు.

"ఇంత జుట్టేంది? వాసన కొడ్తున్నది. కత్తిరిస్త ఆగు."

గురవమ్మ గభాల్న ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత! అది మొక్కు జుట్టు. మా పిల్లకు నెలలు నిండుతున్నయ్. ముందు రెండు కాన్పులు దక్కలే, మొదటి బిడ్డ పోయిన్నాటి నుంచి పెంచుతుండు. ఒక్క కాన్పు మంచిగైతే భద్రాచలం కాడ గోదాట్ల మునిగి తల ఇస్తనని మొక్కిండు. అప్పటిదాంక కత్తెర తగలొద్దు."

నర్సు డాక్టరమ్మ వైపు చూసింది. సుజన అప్పటికే పక్క మంచం మీద మనిషికి నాడి చూస్తోంది.

"తాగిన కేసే గదా! ముందు కడుపు సంగతి చూడండి. జుట్టు తర్వాత," అంది.

రోజారాణి ఆ ముడిని ఓ గుడ్డలో చుట్టి తలకింద సర్దింది. ఆ తర్వాత జుట్టు సంగతి అడిగినవాళ్ళు లేరు. గురవమ్మకైతే దేవుడి సొమ్ము కాపాడానన్న తృప్తి కూడా కలిగింది, పిచ్చిది.

మర్నాటికి చొంగ ఆగింది, ఊపిరిలో గరగర తగ్గింది. కానీ కండల ఎగురుడు ఆగలేదు. గురవమ్మ మంచం పక్కన కూర్చొని అతని పిక్కను రెండు చేతులా గట్టిగా అదిమి పట్టుకునేది. ఇక్కడ పట్టుకుంటే తొడ ఎగురుతుంది, తొడ పట్టుకుంటే భుజం. రౌండుకి వచ్చిన సుజన ఆమె అవస్థ చూసి ఆగింది.

"పట్టుకుంటే ఆగదమ్మా అది."

"ఎందుకు గిట్ల ఎగురుతయ్ అమ్మా? లోపల ఏం జరుగుతున్నది?"

ఆ ప్రశ్న ఎవరూ అడగరు కాబోలు. సుజన స్టూలు లాక్కొని కూర్చుంది. తన రెండు చూపుడువేళ్ళనూ ఎదురెదురుగా పెట్టి, తగలకుండా కాస్త ఎడం ఉంచింది.

"ఇది నరం అనుకో. ఇది కండ. మనం అనుకుంటం, నరం పోయి కండకు అతుక్కొని ఉంటదని. అతుక్కోదు. నడుమ సందు ఉంటది, కంటికి కనపడనంత. చెయ్యి లేపాలనుకుంటే నరం చివర నుంచి ఒక రసం ఆ సందులో పడుతది. అది అవతల కండకు తగిలితే కండ బిగుసుకుంటది. చెయ్యి లేస్తది."

"ఒక చుక్కనా?"

"చుక్కలో వెయ్యో వంతు కూడా కాదు. పని అయిపోంగనే ఆ రసాన్ని తుడిచేసేది ఒకటి ఆ సందులోనే ఉంటది. తుడిస్తేనే కండ వదులవుతది, మళ్ళీ కొత్త మాట వినగలుగుతది. ఈ పురుగుల మందు ఆ తుడిచేదాన్ని పట్టుకుంటది. ఇగ రసం పడుతనే ఉంటది, పోయేది లేదు. కండ ఎగిరి ఎగిరి, చివరికి అలిసిపోయి, నరం ఎంత చెప్పినా వినకుండా పడిపోతది."

గురవమ్మ కాసేపు ఆ రెండు వేళ్ళ మధ్య సందునే చూసింది.

"ఊడ్చేటోళ్ళు లేకుంటే బజారు నిండిపోయినట్టు."

"అవ్. అట్లనే."

"మరి మీరిచ్చే సూది ఊడుస్తదా?"

సుజన వేళ్ళు దించేసింది. "ఒక సూది నోట్లో, ఊపిరితిత్తుల్లో నీళ్ళు ఊరకుండా ఆపుతది, గుండెను కాపాడుతది. కండ మీద దానికి పట్టు లేదు. ఇంకోటి ఆ తుడిచేదాన్ని విడిపించాలె. జల్దీ ఇస్తే విడిపిస్తది. ఎంత విడిపించిందో చూడాలె," అని లేచింది. మంచి మనిషే. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాలేదు.

మధ్యాహ్నానికి సూదుల వేడికి సాంబమూర్తికి పలవరింత పట్టుకుంది. నాలుక ఎండిపోయి పెదాలకు అతుక్కుంది. చేతులు గాలిలోకి చాచి, రెండు వేళ్ళతో ఏదో తుంచి, దుప్పట్లో వేస్తున్నాడు. మళ్ళీ చాచడం, తుంచడం, వేయడం.

"ఏం తెంపుతున్నవయ్యా?"

"కాయ. పండిపోయింది. రాలితె సారు తిడ్తడు."

గురవమ్మకు దుఃఖం పొర్లుకొచ్చింది. తడిగుడ్డతో పెదాలు అద్దుతూ అతని చెవి దగ్గర వంగి, "నేనన్న మాట ఎనక్కి తీసుకుంటన్న. నోటి దూల నాది. నువ్వు లేస్తె ఇగ జన్మల గట్ల అనను," అంది. అతను ఆమె చెవి పోగును కాయనుకొని తుంచబోయాడు.

ఆ సాయంత్రం వెంకటనారాయణ కొబ్బరి బోండాలు, బ్రెడ్డు పట్టుకొని వచ్చాడు. మంచానికి కాస్త దూరంలోనే నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు.

"తాగాడన్న మాటే ఉంచుదాం గురవమ్మా. వేరేగా ఏం చెప్పినా నీకూ తిప్పలే, నాకూ తిప్పలే."

ఇంట్లో జరిగిన గొడవ బయట పడకుండా ఈ పెద్దమనిషి తన పరువు కాస్తున్నాడనుకుంది గురవమ్మ. చేతులెత్తి దండం కూడా పెట్టింది. గొర్రె కసాయివాడినే నమ్ముతుందంటారే, అచ్చం అలాగే.

మూడో రోజు పొద్దున సాంబమూర్తి కళ్ళు తెరిచి, మామూలుగా, ఇంట్లో లేచినట్టే, "చాయ్ ఉన్నదా?" అన్నాడు.

గురవమ్మ పరుగున పోయి తెచ్చింది. నర్సును అడిగి ఇడ్లీ ముక్కలు చేసి నోట్లో పెట్టింది. కండల ఎగురుడు లేదు. మాట తేటగా ఉంది. కంటిపాపలు పెద్దవయ్యాయి. పక్క మంచాల వాళ్ళు కూడా వచ్చి చూసి, గండం గడిచింది పో, అన్నారు. అందరూ వెళ్ళాక, రెండు రోజులుగా లోపల దాచుకున్న మాటను ఆమె బయటికి తోసింది.

"నేనేదో కోపంల అన్న. అంతమాత్రానికే తాగుతవా అయ్యా?"

"ఏంది తాగేది?"

"మందు."

అతను ఆమె మొహంలోకి వింతగా చూశాడు. "నాకేమన్న పిచ్చి లేసిందానె? బిడ్డ కాన్పు నెత్తి మీద పెట్టుకొని మందు తాగుతనా? ఎవడన్నడు?"

"మరి?"

"ఈపుకు తగిలించుకునే మందు ట్యాంకు మూతకు వాషరు లేదు. నాలుగు దినాల నుంచి సారుకు చెప్తనే ఉన్న. కవరు పెట్టి బిగించుకో, ఈ తోటకే గద అన్నడు. మిర్చికి పట్టిన నల్లి పురుగు పోతలేదని మూడు రకాల మందు కలిపిచ్చిండు. వంగినప్పుడల్ల గుబుక్కున మెడ మీద వడ్తది. ఈపు, ముడి అంత నానిపోయింది. ఇంటికాడ చెప్దామంటె నువ్వు చీపురు వట్టుకొని ఉరుకుతుంటివి."

గురవమ్మ అతని భుజం మీద ఒక్కటేసింది. మరొకటేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. తాగలేదు! తన మాటకు కాదు! గుండెల మీద నుంచి బండ దొర్లించినట్టయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడి మీద ఇంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదనిపించి సిగ్గు కూడా పడింది.

"తల కొంచెం లేపవే. నీళ్ళు తాగుత," అన్నాడు.

ఆమె మెడ కింద చెయ్యి పెట్టి లేపింది. నీళ్ళు తాగించి, చెయ్యి తీయగానే తల దిండు మీద దబ్బున పడింది.

"మెడ నిలుస్తలేదే," అన్నాడు. మాట ముక్కులోంచి వచ్చింది.

నీరసం కాబోలనుకుంది. తిండి లేక మూడు రోజులాయె! ఆమె ధ్యాసంతా ఒక్కటే. డాక్టరమ్మకు చెప్పాలి, నర్సుకు చెప్పాలి, ఈ దవాఖానాలో చీమకూ దోమకూ చెప్పాలి. చెప్పుల్లేకుండా వరండా అంతా పరిగెత్తి సుజన ముందు నిలబడింది.

"తాగలేదమ్మా! మా ఆయన తాగలే! మందు మీద వడ్డదంట!"

డాక్టరమ్మ సంతోషిస్తుందనుకుంది. సుజన మొహంలో రంగు పోయింది.

"మీద పడ్డదా? ఎక్కడ?"

"ఈపుల, మెడల, జుట్టంత."

సుజన నడవలేదు, ఉరికింది. సాంబమూర్తి తలకింద గుడ్డ విప్పి, ముడి విప్పింది. లోపలి పాయలు ఇంకా జిగురుగా ఉన్నాయి. ఘాటుకు రోజారాణి వెనక్కి తగ్గింది.

"మూడు దినాలు! మూడు దినాల నుంచి తలలకెల్లి ఒంట్లోకి పోతనే ఉన్నది. మొదటి దినం ఎందుకు చెప్పలేదమ్మా?" అని అరిచి, మరుక్షణమే ఆ అరుపును తనే మింగేసింది. "నేనన్నా చూడాల్సింది," అంది కిందికి చూస్తూ.

తర్వాత అతని ముందుకు వంగి, "తల లేపు సాంబమూర్తీ," అంది. అతను పళ్ళు బిగించాడు. నుదుటి నరం ఉబ్బింది. తల లేవలేదు.

"ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పు."

"ఒకటి, రెండు..." అన్నాడు. మూడు కోసం మళ్ళీ గాలి పీల్చుకున్నాడు.

రోజారాణి కత్తెర తెచ్చింది. గురవమ్మ ఆ కత్తెర ఆమె చేతిలోంచి లాక్కుంది. గోదావరి గుర్తు రాలేదు, మొక్కూ గుర్తు రాలేదు. పాయ పాయా పట్టి తనే కోసింది. నెత్తిని ఒళ్ళో పెట్టుకొని సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. నీళ్ళు పోసేకొద్దీ వాసన లేస్తూనే ఉంది. అతను రెప్పలు సగం వాల్చి ఆమెనే చూస్తున్నాడు. ఏదో అనబోయాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు.

"ఈ జుట్టు వల్లనేనా అమ్మా?"

"తెల్వదు. కావచ్చు. కొందరికి అంతా కడిగినా సరే, కోలుకున్నట్టే ఉండి మూడో దినమో నాలుగో దినమో గిట్లనే అవుతది. మెడ పోతది, తర్వాత ఊపిరి తీసే కండలు పోతయ్. ఎందువల్లనో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు."

ఆ మాటతో గురవమ్మకు ఊరటా దక్కలేదు, నేరమూ ఖాయం కాలేదు.

గొంతులోకి గొట్టం వేశారు. ఊపిరి పోసే మిషన్లు రెండూ వేరేవాళ్ళ మంచాల దగ్గర ఉన్నాయి. మిషన్ ఉన్న అంబులెన్సు దుమ్ముగూడెం వైపు ఎవరినో తేవడానికి వెళ్ళింది. అది రావాలి, వచ్చాక ఖమ్మం తీసుకుపోవాలి. అంతదాకా గొట్టానికి రబ్బరు బుడగ తగిలించి చేత్తో ఒత్తాలి. రోజారాణి ఇంకో మంచానికి పోవాలి కనుక గురవమ్మ చేతిలో పెట్టి నేర్పింది.

"ఒత్తాలె. రొమ్ము లేస్తది. ఇడవాలె. రొమ్ము దిగినంక మళ్ళీ ఒత్తాలె. తొందర పడొద్దు. ఆపొద్దు. ఆయనకు అంతా ఇనవడ్తది, మాట్లాడుతుండు."

గురవమ్మ ఒత్తింది. మొదట మాట్లాడింది కూడా. పిల్ల ఫోన్ చేసిందని, నీకు జ్వరమని చెప్పానని, క్వార్టర్ల దగ్గర తన వంతు పని ఎవరో చేస్తున్నారని. మాటలు అయిపోయాక ఊరికే ఒత్తింది. చీపురు పట్టి కాయలు కాచిన చేతులే, అయినా మణికట్టు నుంచి మోచేయి దాకా గుంజడం మొదలైంది. చెయ్యి మార్చుకుంటూ ఒత్తింది.

సాంబమూర్తి లేచి తింటున్నాడని ఎవరు చెప్పారో, ఇంటికి దింపుదామని వెంకటనారాయణ కారు తీసుకొచ్చాడు. జుట్టంతా కోసేసిన తలను, గొంతులో గొట్టాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తాగలేదంట సారు," అంది గురవమ్మ, చెయ్యి ఆపకుండా.

ఆయన గొట్టం మీంచి చూపు తిప్పుకున్నాడు. తర్వాత, "మూత సంగతి చెప్పాడా?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆమెకు అంతా తెలిసిపోయింది. నిన్న పెట్టిన దండం గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. నోటినిండా తిట్లు వచ్చాయి. తిట్టాలంటే ఊపిరి కావాలి, ఉన్న ఊపిరంతా చేతుల్లో ఉంది.

"చేతులు వడిపోతున్నయ్. జర పట్టుకో సారు," అంది.

వెంకటనారాయణ కాదనలేక వచ్చి బుడగ అందుకున్నాడు. గబగబా ఒత్తేస్తుంటే రోజారాణి దూరం నుంచే కసిరింది. నిదానించాడు. ఒత్తుతున్నాడు, రొమ్ము లేస్తోంది. సగం వాలిన రెప్పల కింది నుంచి సాంబమూర్తి కళ్ళు ఆయన వైపే ఉన్నాయి. ఆ కళ్ళను తిప్పుకునే శక్తి అతనికి లేదు. చూపు తప్పించే చోటు ఈయనకు లేదు. చొక్కా చంకల్లో చెమట పట్టింది.

"కొత్త మూత తెప్పించాన్రా సాంబా," అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా. "పంపే కొత్తది తెప్పిస్తాలే."

గురవమ్మ గోడకు ఆనుకొని చేతులు పిసుక్కుంటోంది. ఆయన జేబులో ఫోను మోగింది. ఊరుకున్నాడు. మళ్ళీ మోగింది. ఒక చేత్తో తీసి చూసి, బుడగను ఆమె చేతిలో పెట్టేశాడు.

"తోటలో మనుషులొచ్చి కూర్చున్నారమ్మా. పురుగు మనకోసం ఆగదు కదా! ఒక్క మాట చెప్పి ఇప్పుడే వస్తా."

చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినబడింది. తర్వాత కారు తీసిన చప్పుడు వినబడింది.

అంబులెన్సు బయల్దేరిందని ఒకసారి చెప్పారు. దారిలో ఉందని మరోసారి చెప్పారు. కిటికీలో ఎండ మంచం మీద నుంచి నేల మీదికి దిగింది. గురవమ్మ ఒత్తుతూనే ఉంది. ఉన్నట్టుండి తలాపున గుండె కొట్టుకునేది చూపే మిషన్ కూత పెట్టింది. సుజన, రోజారాణి పరిగెత్తుకొచ్చారు. సుజన మంచం ఎక్కి రెండు అరచేతులూ అతని రొమ్ము మీద పెట్టి నొక్కసాగింది. ఒకరు అలిసిపోతే ఒకరు నొక్కారు. ఆగమన్నప్పుడు ఆగుతూ, ఒత్తమన్నప్పుడు ఒత్తుతూ గురవమ్మ బుడగను వదల్లేదు. సూదులు పొడిచారు. మళ్ళీ నొక్కారు. చాలాసేపటికి సుజన మంచం దిగింది. జుట్టంతా చెదిరి మొహం మీద పడింది. టార్చి వేసి కళ్ళు చూసింది, స్టెతస్కోపు పెట్టి విన్నది. రోజారాణి మిషన్ కూత ఆపేసింది.

"ఇగ ఆపమ్మా," అంది సుజన.

గురవమ్మ ఒత్తింది.

"ఆపమ్మా. ఆయన లేడు."

"రొమ్ము లేస్తున్నది గద!"

"అది నువ్వు ఒత్తుతున్న గాలమ్మా."

గురవమ్మ డాక్టరమ్మ మొహంలోకి చూసింది. గురవమ్మ కళ్ళలో నీళ్ళు లేవు, భయం ఉంది.

"ఇప్పుడు నేను ఆపితే, నేను సంపినట్టు గాదా అమ్మా?"

సుజన చెయ్యి చాచి, సగంలోనే దించేసింది. రోజారాణి మొహం పక్కకు తిప్పుకుంది.

గురవమ్మ ఒత్తింది. రొమ్ము లేచింది. విడిచింది. రొమ్ము దిగింది. మళ్ళీ ఒత్తింది. ఆమె చేతులు పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.